చమ్కీల చొక్కా వేసుకున్న పురుగు

మా అత్తగారు నన్ను "ఏమయ్యా" అని పిలిస్తే ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టు. "బాబూ" అంటే ఏదో బరువు మోయాలన్నమాట. "అల్లుడుగారూ" అన్నారంటే మాత్రం మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకుని ఆఫీసుకు పారిపోవడం మంచిది. ఆ రోజు అల్లుడుగారూ అని పిలవడమే కాకుండా, అడక్కముందే నా కంచంలో రెండోసారి వడ్డించారు. తిండి దగ్గర నేను మొదటి నుంచీ బలహీనుణ్ణి, కాళ్లు కదల్లేదు.

"అల్లుడుగారూ, మీరు వాగులో పట్టే పురుగులున్నాయి చూడండి, వాటిల్లో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దేనికండీ?"

ఇక్కడ నా ఉద్యోగం గురించి కాస్త చెప్పాలి. నేను నీటి శాఖలో వాగుల పరీక్ష విభాగంలో పని చేస్తాను. విభాగమంటే మరీ పెద్దదేం కాదు. పెద్దమేడం, నేను, ఒక బీరువా. వాగు బతికి ఉందా చచ్చిందా అని తేల్చడం మా పని. నీళ్లు సీసాలో పట్టి పరీక్ష చేస్తే ఆ పూట సంగతే తెలుస్తుంది. నిన్న ఎవరేం కలిపారో ఆ సీసాకేం తెలుసు? అడుగున రాళ్ల కింద కాపురముండే పురుగుల్ని అడిగితే మాత్రం నెలల తరబడి జరిగిన బాగోతమంతా బయటపెడతాయి. ఎర్రపురుగులు, జలగలు మురుగులో కూడా హాయిగా బతికేస్తాయి కాబట్టి వాటికి మార్కులు తక్కువ. మూడు తోకల పురుగుకు కాస్త శుభ్రం కావాలి, మార్కులూ కాస్త ఎక్కువ. ఒక రకం పురుగు ఒక్కటి దొరికినా బుట్టెడు దొరికినా అవే మార్కులు. అన్ని రకాలవీ కూడితే యాభై రావాలి. వస్తే వాగు పాసు, రాకపోతే తప్పినట్టు.

ఈ ఉద్యోగం పుణ్యమా అని వీధిలో నా పేరు పురుగుల అల్లుడు. అసలు పేరు నా భార్యకైనా గుర్తుందో లేదో.

అత్తగారు అడిగిన దానికి నేను తెలియదని చెప్పి చెయ్యి కడుక్కోవాల్సింది. కానీ ఆ ఇంట్లో నా విద్య గురించి ఎవరైనా అడగడం అదే మొదటిసారి. ఉబ్బిపోయాను.

"గూటిపురుగుకండీ! దానికి పది మార్కులు. గొంగళిపురుగులా మెత్తగా ఉంటుంది పాపం. అందుకని నోట్లోంచి జిగురు దారం తీసి, చుట్టుపక్కల దొరికే ఇసుక రేణువులన్నీ అతికించుకుని గొట్టంలాంటి గూడు కట్టుకుంటుంది. ఇక ఎక్కడికి వెళ్లినా ఆ గూటితోనే."

"ఇల్లు వీపున వేసుకుని తిరుగుతుందన్నమాట. అత్తారింట్లో ఉండదు." అత్తగారు నా కంచంలో ఇంకొంచెం వేశారు. "మన వాగులో ఉన్నాయా అవి?"

"ఎక్కడివండీ! ఎప్పుడో పోయాయి. ఇప్పుడు కొండ దగ్గర వంతెన ఉంది చూడండి, అక్కడ ఒక్క చోటే ఉన్నాయి. రాయి ఎత్తితే చాలు, కిందంతా అవే."

"అవునా" అన్నారు అత్తగారు, చాలా అమాయకంగా. ఆవిడ అమాయకంగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అయినా నాకు అనుమానం రాలేదంటే కడుపు ఎంత నిండిందో మీరే అర్థం చేసుకోండి.

ఆవిడ ఆరా తీయడానికి కారణం లేకపోలేదు. ఊళ్లో వాగు ఎక్కడెక్కడ పరీక్ష తప్పుతుందో అక్కడక్కడ దాని మీద స్లాబు పోసి కార్ల పార్కింగు కట్టాలని పురపాలక ఆఫీసులో తీర్మానించారు. మా వీధి వెనక వాగు ముక్క వరసగా తప్పుతూనే ఉంది. ఇంకొక్కసారి తప్పితే స్లాబే. దానితో పాటు లేచే గోడ సరిగ్గా అత్తగారి పనిగది కిటికీకి మూరెడు దూరంలో వస్తుంది.

మా ఇంట్లో పై అంతస్తు మాది, కింద అంతా అత్తగారి పనిగది. నాటకాల వాళ్లకూ, డాన్సుల వాళ్లకూ, బ్యాండు వాళ్లకూ బట్టల మీద చమ్కీలు కుడతారావిడ. చమ్కీ పనికి దీపం వెలుతురు పనికిరాదట, దీపం కింద ఊదా నీలం ఒకటే అయిపోతాయట. వాగు మీద పడి కిటికీలోంచి లోపలికి వచ్చే వెలుతురే కావాలి. మామగారు చనిపోయిన ఏడాదంతా ఆవిడ ఎవరితోనూ పలక్కుండా, ఆ కిటికీ దగ్గరే కుర్చీలో కూర్చుని, నీళ్లు చూస్తూ కుట్టుకుంటూ గడిపారని నా భార్య చెప్పింది. ఈ ఒక్క మాట నేను ఎగతాళికి చెప్పడం లేదు. ఆ కిటికీ చీకటైపోతే ఆవిడ పని పోతుంది. పని లేని అత్తగారిని ఊహించుకుంటే నాకు నిజంగానే భయం వేసేది, దిగులు కూడా వేసేది.

స్లాబు కోసం ఎదురుచూసే మనిషి కూడా వీధిలో ఉన్నాడు. వాగు వాలులో మా ఇంటికి దిగువన కార్లు కడిగే షెడ్డు ఆయనది. అత్తగారు పెట్టిన పేరు నురుగాయన. వీధి సంఘం మీటింగంటే చాలు, వీళ్లిద్దరూ తయారు.

"మీ సబ్బు నురుగు వల్లే వాగు చచ్చింది తమ్ముడూ" అంటారు ఆవిడ.

"మీ చమ్కీల సంగతేమిటి అక్కయ్యా?" అంటాడు ఆయన.

అప్పుడు అత్తగారు లేచి నిలబడి, కళ్లజోడు సర్దుకుని, కాలరుకు గుచ్చి ఉన్న సూది తీసి అందరికీ చూపిస్తారు. "నా గదిలోంచి ఒక్క చమ్కీ వాగులో పడిందని రుజువు చెయ్యి. ఆ రోజే ఈ సూది కింద పెట్టేస్తాను." ప్రతి మీటింగులోనూ ఇదే మాట, ఇదే సూది. జనం చప్పట్లు కొడతారు. నురుగాయన గొణుక్కుంటూ కూర్చుంటాడు.

పరీక్ష రోజు పొద్దున నా టీలో ఆకు తేలుతోంది. పళ్ల సందున ఇరుక్కున్న ఆకు తీసుకుంటూ, "వడగట్టలేదా?" అని అడిగాను.

"జల్లెడ కనపళ్లేదు" అంది నా భార్య, గోడ వంక చూస్తూ. ఆమె గోడ వంక చూసి మాట్లాడిందంటే అవతల వాళ్లమ్మ ఏదో చేసిందని అర్థం. కిందికి దిగేసరికి వెనక మెట్ల దగ్గర బకెట్టు ఒకటి బోర్లించి ఉంది. దాని మీద మా టీ జల్లెడ, నిండా బురదతో. పక్కన అత్తగారి చెప్పులు, తడిసి ముద్దయి. నేను ఆఫీసుకు ఆలస్యమవుతోందన్న కంగారులో జల్లెడ గురించి విసుక్కున్నానే గాని, బకెట్టు గురించి ఆలోచించలేదు.

మా అత్తవారి వీధి కాబట్టి ఈసారి లెక్క నన్ను కట్టవద్దని, తనే వచ్చి కడతానని పెద్దమేడం ముందే చెప్పారు. నా పని వల పట్టడం వరకే. ఆవిడ బూట్లు వేసుకుని వాగు గట్టు వెంట ఒకసారి నడిచి వచ్చారు.

"ఎప్పుడూ ఈ వీధి చివరి వంతెన కింద ఎందుకు తీస్తున్నారు?"

"మన ఆఫీసు అలవాటండీ. దిగడానికి మెట్లున్నాయని..."

"ముక్క మొత్తంలో రాళ్లు ఎక్కువున్న చోట తీయాలి. నీళ్లు గలగలమంటున్నాయి, అక్కడ." ఆవిడ వేలు చూపించిన చోటు సరిగ్గా అత్తగారి కిటికీ కింద. వెనక గోడ కట్టినప్పుడు మిగిలిన రాళ్లన్నీ మామగారు వాగులో పారబోయించారట. వాటి మీద నీళ్లు ఎగిరి దూకుతుంటాయి. నేను ఎన్నడూ అటు దిగలేదు. అత్తగారి కిటికీ కింద నిలబడి పని చేసేంత ధైర్యం ఏ అల్లుడికి ఉంటుంది చెప్పండి?

దిగాను. నీటి వాలుకు అడ్డంగా వల పెట్టి, దాని ముందున్న రాళ్లను బూటు కాళ్లతో కుమ్మాను. పట్టు వదిలిన పురుగులన్నీ నీళ్లతో కొట్టుకొచ్చి వలలో పడతాయి. పైన కిటికీలో అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తున్నారు. చాలాసేపు ఎక్కిస్తూనే ఉన్నారు. గట్టు మీద కటకటాలకు ఆనుకుని నురుగాయన, ఇంకా వీధి జనం పోగయ్యారు. మేడం బల్ల వేసుకుని భూతద్దం తుడుచుకుంటుంటే, నేను వలను తెల్ల ట్రేలో బోర్లించి మంచినీళ్లు పోశాను.

ముందు ఎర్రపురుగులు మెలికలు తిరిగాయి. తరవాత జలగలు, నత్తలు, మూడు తోకలవి కొన్ని. ఆ తరవాత, తెల్ల ఇసుకతో కట్టుకున్న గూళ్లు! ఒకటి, రెండు, ఇంకా. గూటిపురుగులు! పది మార్కులు! వాగు బతికింది, కిటికీ బతికింది, నేను ఎగిరి గంతేయబోయాను.

అంతలో ట్రే మూల ఏదో తళుక్కుమంది.

వంగి చూస్తే అదీ గూటిపురుగే. కానీ ఒంటి నిండా చమ్కీలు. పెళ్లి బ్యాండు నాయకుడిలా దర్జాగా నడిచి వస్తోంది. దాని వెనక ఇంకో నాలుగైదు.

బకెట్టు, జల్లెడ, తడి చెప్పులు, రెండోసారి వడ్డన, అన్నీ ఒక్కసారి నా బుర్రలో వరస కట్టాయి. గూటిపురుగును టబ్బులో పడేస్తే అందులో ఏది దొరికితే దానితోనే గూడు కట్టుకుంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు ఊరంతటికీ ఇద్దరమే, మేడం, నేను. మా అత్తగారింట్లో ఏ టబ్బు అడుగున చూసినా ఏముంటాయి? చమ్కీలే! కాబట్టి తెల్ల గూళ్లవి అసలు సిసలు వాగు పురుగులు, మెరిసేవి అత్తగారు తెచ్చి కలిపిన దొంగసరుకు. ఒక్క క్షణంలో తేల్చేశాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మెరిసేవాటిని తీసేస్తే అబద్ధమూ పోతుంది, ఆవిడ పరువూ దక్కుతుంది. తెల్లవాటితో ఎలాగూ పాసే. నా స్టీలు నీళ్ల సీసా ఖాళీ చేసి, వాగు నీళ్లు పట్టి, చమ్కీల వాళ్లందరినీ చెంచాతో అందులోకి సాగనంపి మూత పెట్టేశాను. మేడం కళ్లజోడు పెట్టుకునేసరికి నేను బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మేడం ఒక్కో రకమూ చూసి మార్కులు చెబుతున్నారు. తెల్ల గూళ్ల దగ్గరికి వచ్చి ఆగారు. ఒకదాన్ని పట్టకారుతో ఎత్తి, భూతద్దం కింద అటూ ఇటూ తిప్పారు. తరవాత ఏమీ మాట్లాడకుండా వాగులోకి దిగి, అడుగు నుంచి గుప్పెడు ఇసుక తీసి తెచ్చి బల్ల మీద పోశారు. నల్లగా ఉంది, బొగ్గు పొడిలాగా.

"ఇక్కడ ఎక్కడ తీసినా ఇసుక నలుపే. మరి ఇవి ఈ తెల్ల ఇసుక ఎక్కడి నుంచి తెచ్చుకున్నాయి?"

నేను ఇసుకను వేలితో కెలికాను.

"నేను చెబుతాను. ఈ ఊళ్లో తెల్ల ఇసుక కొండ దగ్గర వంతెన కింద తప్ప ఇంకెక్కడా లేదు. వీటిని ఎవరో అక్కణ్ణుంచి తెచ్చి పోశారు. ఈ రకం కొట్టేస్తున్నాను." ఆవిడ కూడిక చూసుకున్నారు. "నలభై నాలుగు. తప్పింది."

"అయ్యో పాపం!" అన్నాడు నురుగాయన గట్టు మీది నుంచి. అంత ఆనందంగా అయ్యో పాపం అన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

కిటికీలో అత్తగారు కనిపించలేదు. చూస్తే వెనక మెట్ల మీద ఉన్నారు. ఒక చెయ్యి నుదుటి మీద, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, మెల్లిగా, ఎక్కడా దెబ్బ తగలకుండా, మూడో మెట్టు మీద ఒరిగిపోయారు. ఆవిడ నాటకాలకు బట్టలు మాత్రమే కుడతారనుకునేవాణ్ణి.

"నీళ్లు! నీళ్లు!" అని ఎవరో అరిచారు. ఎంతైనా నురుగాయన మంచివాడే. కటకటాలు దాటి దూకి, చేతికి అందిన సీసా లాక్కున్నాడు. అది నా సీసా. "వద్దు, వద్దండీ!" అని నేను అడ్డం పడేలోపల మూత తీసి అత్తగారి మీద గుమ్మరించేశాడు.

అత్తగారు చటుక్కున లేచి కూర్చున్నారు. ఆవిడ జుట్టు మీద, భుజం మీద, ఒళ్లో, చమ్కీల గూళ్లు పాకుతున్నాయి. నురుగాయన సీసాలోకి తొంగి చూసి, "మీరు ఇవి తాగుతారా?" అని నన్ను అడిగాడు.

మేడం మాత్రం నిదానంగా వచ్చి, ఒక్కోదాన్నీ ఏరి ట్రేలో వేసుకుని, నా వైపు తిరిగారు. "చెప్పండి."

అడ్డంగా దొరికిపోయాను. ఇక దాచి లాభమేమిటి? "మా అత్తగారు టబ్బులో పెంచి తెచ్చి వాగులో వదిలారండీ. పరువు పోతుందని నేను తీసేశాను. తెల్లవే అసలువి అనుకున్నాను."

"ఎవరు పెంచారు?" అత్తగారు భగ్గుమన్నారు. మూర్ఛ సంగతి పూర్తిగా మరిచిపోయారు. "టబ్బూ లేదు, గిబ్బూ లేదు! తెల్లారకముందే కొండ దాకా వెళ్లి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, జల్లెడతో పట్టి, బకెట్టులో తెచ్చింది తెచ్చినట్టు పోశాను. నేను పోసినవి తెల్లవయ్యా మొద్దూ! ఈ మెరిసేవాటిని నేనెప్పుడూ చూడనే లేదు!"

చెప్పాక గాని ఆవిడకు తను ఏం చెప్పారో తెలిసిరాలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. నేనేమో ఎంత పప్పులో కాలేశానో అప్పుడు అర్థమై తల పట్టుకున్నాను. నకిలీవాటిని ట్రేలో ఉంచి, అసలువాటిని సీసాలో దాచాను. ఇది మామూలు మనిషి చేయగలిగిన తప్పు కాదు. దీనికి చదువు కావాలి.

మేడం అప్పటికే ఒక చమ్కీ గూడును భూతద్దం కింద పెట్టారు. "చూడండి. తోక వైపు సన్నం, తల వైపు లావు. పిల్లగా ఉన్నప్పుడు కట్టుకున్నది తోక. ఒళ్లు పెరిగే కొద్దీ తల వైపు కొత్తవి అతికించుకుంటూ పోతుంది. తోక దగ్గర ఊదా చమ్కీలు, నడుమ ఆకుపచ్చ, తల దగ్గర బంగారు రంగు. అన్నిటికీ ఇదే వరస. టబ్బులో కట్టినవైతే రంగులు కలగాపులగంగా ఉండాలి."

"అంటే పాసేనా?" అన్నాను ఆశగా.

"తొందరపడకండి. చమ్కీలు వాగులో పుట్టవు కదా. ఇవి ఎక్కణ్ణుంచి, ఏ రంగు తరవాత ఏ రంగు వచ్చిందో చెప్పగలిగిన మనిషి ఉండి, అది ఈ వరసతో సరిపోతే, పురుగులు ఇక్కడే పుట్టి పెరిగాయని ఒప్పుకుంటాను. లేకపోతే వీటినీ కొట్టేయాల్సిందే."

అందరి తలలూ అత్తగారి వైపు తిరిగాయి. నురుగాయన గొంతు సవరించుకున్నాడు. ఆవిడ చెయ్యి కాలరు దగ్గరికి వెళ్లి సూదిని తడిమింది. నోరు విప్పితే, అన్ని మీటింగుల్లో అందరి ముందూ అన్న మాట మట్టిలో కలిసిపోతుంది. విప్పకపోతే స్లాబు. ఆవిడ తల తిప్పి కిటికీ వంక చూశారు. లోపల ఖాళీ కుర్చీ, దాని మీద సగం కుట్టిన గౌను, పై కప్పు మీద నీళ్ల వెలుతురు కదులుతోంది. ఆవిడను అలా నిలబెట్టినందుకు నాకు మేడం మీద కోపం వచ్చింది, నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

"ఊదాది రాజు వేషం అంగీ" అన్నారు అత్తగారు. గొంతు చిన్నగా ఉంది. "స్కూలు నాటకానికి, వానలు వెలిసిన కొత్తలో. ఆకుపచ్చ మత్స్యకన్య గౌను, చలికాలంలో. బంగారు రంగు బ్యాండు వాళ్ల కోట్లు, ఇప్పుడు నడుస్తున్నవి. ఉతికినప్పుడల్లా రాలినవి రాలినట్టు తూములోంచి పోయాయి. తూముకు జల్లెడ ఉండేది. మాటిమాటికీ పూడిపోతోందని నేనే పీకి పారేశాను."

"ఇది మీరు చెబుతున్న మాట. ఇంకెవరికైనా తెలుసా?" అన్నారు మేడం.

"తెలియకపోవడమేమిటి!" అన్నాడు నురుగాయన ఉత్సాహంగా. "ఆకుపచ్చది మా అమ్మాయి గౌనే! చలికి వణుక్కుంటూ వెళ్లి చూశాం కదా. రాజు వేషం అంతకు ముందు, ముందు వరసలో కూర్చున్నాను నేను. అక్కయ్య చెప్పింది అక్షరాలా నిజం..." అక్కడికి వచ్చి ఆగాడు. తను ఎవరి పక్షాన సాక్ష్యం చెప్పాడో అప్పుడు వెలిగింది. నాలిక కరుచుకున్నాడు గాని, మాట బయటికి వచ్చేసింది.

మేడం నన్ను మళ్లీ నీళ్లలోకి దింపి కిటికీ కింద రాయి ఒకటి ఎత్తించారు. దాని అడుగున, నాచులో కూరుకుపోయి, జిగురుతో గట్టిగా అంటుకుని, చమ్కీల గూళ్లు మరికొన్ని. పొద్దున ఎవరో తెచ్చి అలా అంటించడం అయ్యే పని కాదు. ఆవిడ బల్ల దగ్గరికి వెళ్లి కూడిక మళ్లీ వేశారు.

"యాభై నాలుగు. పాసు. వంతెన షెడ్డుకు దిగువన ఉంది, ఇది షెడ్డుకు ఎగువన. ఇన్నాళ్లూ వాగును కాదు, నురుగును పరీక్ష చేశారు మీరు."

వీధి జనం ఈలలు వేశారు. నేనూ వేసేవాణ్ణే గాని అత్తగారు లేచి నిలబడ్డారు. కళ్లజోడు సర్దుకున్నారు. కాలరు నుంచి సూది తీసి, అందరికీ చూపించి, కటకటాల గట్టు మీద పెట్టేశారు.

"అన్నాను కదా. రుజువైంది. ఇక కుట్టను."

ఈలలు ఆగిపోయాయి. ఈసారి ఆవిడ నాటకమాడటం లేదని నాకు తెలుసు. నాటకమైతే చప్పట్ల కోసం ఆగేవారు. వాగు దక్కింది, వెలుతురు దక్కింది, ఆ వెలుతురులో కూర్చునే మనిషే లేకపోతే ఇంకేం దక్కినట్టు?

నురుగాయన సూది వంక చూశాడు. కిటికీ వంక చూశాడు. లోపల కుర్చీ మీద ఉన్న గౌను కూడా చూశాడు.

"అక్కయ్యా, ఆ నీలం గౌను..."

"మీ అమ్మాయిదే. డాన్సుకు."

"ఒక వైపు చెయ్యి లేదేమిటి దానికి?"

"ఇంకా కుట్టలేదు. ఇక కుట్టను."

ఆయన ముఖంలో రంగులు మారాయి. ఇంట్లో ఆ అమ్మాయికి ఏం చెప్పాలో ఆలోచించుకున్నట్టున్నాడు. గట్టు మీంచి సూదిని రెండు వేళ్లతో జాగ్రత్తగా ఎత్తి ఆవిడ ముందు పట్టుకున్నాడు. "కింద పెడతానన్నారు, పెట్టారు. మాట నిలబెట్టుకున్నారు. మళ్లీ ఎత్తకూడదని ఏ మీటింగులోనూ అనలేదు కదా. నేను అన్నిటికీ వచ్చాను, నాకు తెలుసు."

అత్తగారు చాలాసేపు ఆలోచించారు. అంతసేపు ఆలోచించాల్సిన అవసరం లేదని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. "నీ షెడ్డు నీళ్లు వాగులోకి రాకుండా గుంట తవ్వుకుంటావా?"

"తవ్వుకుంటాను."

"ఆ రెండో చెయ్యి కూడా కుడతాను" అని సూది అందుకున్నారు.

మేడం అత్తగారిని తూముకు జల్లెడ బిగించమన్నారు. బిగించాక తను వచ్చి చూస్తానన్నారు. నన్నూ వదల్లేదు. కొండ నుంచి వచ్చిన పురుగుల్ని పోసినవాళ్లూ దాచినవాళ్లూ కలిసి తిరిగి కొండ దగ్గర వదిలి రావాలని శిక్ష వేశారు. ఆ సాయంత్రం బస్సులో నా ఒళ్లో బకెట్టు, పక్కన అత్తగారు.

"ఏమయ్యా" అన్నారు కిటికీలోంచి బయటికి చూస్తూ. "నా దొంగతనం అనుకునే దాచావా?"

"అవునండీ."

"నీ ఉద్యోగం పోతే?"

"మీ దగ్గర సూదిలో దారం ఎక్కించుకుంటూ బతుకుతాను."

ఆవిడ నవ్వలేదు. బకెట్టు నా ఒళ్లోంచి తీసి తన ఒళ్లో పెట్టుకున్నారు.

ఎండలు ముదిరాక మేడం మళ్లీ వచ్చారు. కిటికీ కిందే వల పట్టాను. ట్రేలో చమ్కీల చొక్కాలు ఇంకా నడుస్తున్నాయి. ఈసారి అత్తగారే ముందు భూతద్దం అందుకున్నారు. తోక దగ్గర ఊదా, నడుమ ఆకుపచ్చ, ఆపైన బంగారు రంగు. తరవాత తల దగ్గర, నిండుగా, నల్ల ఇసుక. ఒక్క చమ్కీ కూడా లేదు. నీలం గౌను పూర్తయింది, దాని చేతులు రెండూ కుట్టడమూ ఉతకడమూ అయింది, అయినా వెతికితే ఆ గూటి మీద నీలం చుక్క లేదు.

అత్తగారు ట్రేను రెండు చేతులా ఎత్తుకుని, నీళ్లు తొణక్కుండా, తిన్నగా షెడ్డు దగ్గరికి నడిచారు. నురుగాయన ముందు బల్ల మీద పెట్టారు. "నా గదిలోంచి ఒక్క చమ్కీ వాగులో పడిందని రుజువు చెయ్యి తమ్ముడూ" అన్నారు. గొంతు పాత గొంతే, కానీ కళ్లలో నీళ్లున్నాయి. నురుగాయన భూతద్దంలోంచి చూసి, "పడలేదు అక్కయ్యా" అని ఒప్పుకున్నాడు.

వెనక్కి వస్తూ ఆవిడ ఆయన తవ్విన గుంట దగ్గర ఆగారు. గుంట అంచు నుంచి సన్నగా ఒక తడి చార వాగు వైపు వెళ్తోంది. దాన్ని కాసేపు చూశారు. ఆ రాత్రి అడక్కముందే నా కంచంలో రెండోసారి వడ్డించారు.

"అల్లుడుగారూ, సబ్బు వాసన తగిలితే చాలు, మొట్టమొదట పారిపోయే పురుగు ఏదండీ?"

చెప్పుల కోసం వెతుక్కున్నాను.